తిరగని చక్రం నగ కాదు

స్టీమ్‌పంక్ వస్తువులంటే నాకు ప్రాణం. ఆ పేరు పెట్టి అమ్ముతున్న లాకెట్లూ కమ్మలూ చాలావాటిని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ ఇష్టం దేనిమీదో, ఆ కోపం దేనికో కాస్త వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

పేరు వినని వాళ్ళకోసం రెండు ముక్కలు. కరెంటు మోటారూ సిలికాన్ చిప్పూ రాకుండా, లోకం ఆవిరి యంత్రాల దారిలోనే ఇంకో వందేళ్ళు నడిచి ఉంటే మన చుట్టూ ఉండే వస్తువులు ఎలా ఉండేవి? ఆ ఊహలోంచి పుట్టిన శైలి ఇది. మొదట కథల్లో వచ్చింది. 1987లో కె. డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత ‘లోకస్’ అనే సైన్సు ఫిక్షన్ పత్రికకి ఉత్తరం రాస్తూ, తానూ తన స్నేహితులూ రాస్తున్న విక్టోరియా కాలపు కాల్పనిక కథలకి ఈ పేరు పెట్టాడు. తర్వాత అది కథల్లోంచి వస్తువుల్లోకి దిగింది. ఇత్తడి గొట్టాలు, రాగి రివెట్లు, ప్రెషర్ గేజీలు, తోలు పట్టీలు, వాచీల్లోని పళ్ళ చక్రాలు. 2009 అక్టోబరు నుంచి కొన్ని నెలలపాటు ఆక్స్‌ఫర్డ్‌లోని సైన్సు చరిత్ర మ్యూజియంలో ఈ కళకి ఒక ప్రదర్శన కూడా పెట్టారు. దీపాలు తయారుచేసే కళాకారుడు ఆర్ట్ డోనవన్ దానికి క్యూరేటర్. నక్షత్రాల ఎత్తు కొలిచే పాత పరికరాలకి, అంటే అస్ట్రోలేబులకి, పేరుపడ్డ మ్యూజియం అది. అసలైన పరికరాల పక్కనే ఊహలో పుట్టిన పరికరాలు నిలబడ్డాయన్నమాట.

ఈ శైలి ఎందుకు ఆకట్టుకుంటుందని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు, పాతకాలం మీద మోజు అని. నేను ఒప్పుకోను. పాతకాలం మీద మోజే అయితే రోలూ రోకలీ, భోషాణాలూ కూడా మన కుర్రాళ్ళని ఇలాగే లాగాలి కదా. పాతికేళ్ళ పిల్లలు, పాత వస్తువంటే చిరాకుపడే పిల్లలు, ఒక వాచీ లోపలి భాగం కనబడేసరికి ఆగిపోయి చూస్తారు. వాళ్ళని ఆపేది పాతదనం కాదు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడటం.

ఒక పాత జేబు గడియారం వెనక మూత తీసి చూడండి. బంగారు పూత పూసిన ఇత్తడి ప్లేటు, కొన్నిటిలో దానిమీద అలల్లా సన్నటి గీతలు. ఉక్కు స్క్రూల తలలు ముదురు నీలం. అది రంగు వేసింది కాదు. ఉక్కుని 300 డిగ్రీల దగ్గర జాగ్రత్తగా కాచినప్పుడు దానంతట అదే తేలే నీలం. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ నీలం వెలిసిపోతుంది, మళ్ళీ మొదటినుంచీ రుద్దుకుని రావాలి. ఇరుసులు ఆనే చోట చిన్న చిన్న కెంపులు. డయల్ మీద ‘17 జ్యువెల్స్’ అని రాసి ఉండేది వీటి గురించే. ఇరుసు కొసకీ కెంపుకీ మధ్య రాపిడి తక్కువ కాబట్టి ఏళ్ళ తరబడి తిరిగినా అరగవు. ఒక పక్కన బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దానితోపాటు వెంట్రుకంత సన్నటి స్ప్రింగు విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటుంది, అచ్చం ఊపిరి తీస్తున్నట్టు. మామూలు వాచీలో సెకనుకి ఐదు టిక్కులు, గంటకి 18,000. మనం ఇచ్చిన కీ బలమంతా ఒక్కసారి బయటపడకుండా, ఒక చిన్న కొక్కెం ఒక్కో పన్నునే వదులుతుంది. ఆ వదలడమే టిక్కు. ఎవరూ చెప్పక్కర్లేదు, పది నిమిషాలు చూస్తే ఏది దేన్ని తోస్తోందో మనకే తెలిసిపోతుంది.

చేతిలో ఉన్న ఫోను విషయంలో ఆ అవకాశం లేదు. దాని వీపు జిగురుతో మూసేశారు. తీసినా లోపల నల్లటి పలకలు తప్ప కంటికి అర్థమయ్యేది ఏమీ ఉండదు. రోజంతా మనం వాడే వస్తువులు ఎలా పనిచేస్తాయో మనకి తెలియకుండా పోయిన రోజుల్లో, తన పని తాను బహిరంగంగా చేసుకుపోయే యంత్రం ఒకటి కనబడితే మనసు అటే పోతుంది. స్టీమ్‌పంక్ ఆకర్షణ అంతా ఇక్కడుందని నా నమ్మకం.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి దీనికి సాక్ష్యం కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ వారి సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకి చేరండి. ఒక మూల కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తూ ఉంటుంది. గంట కావడానికి కాస్త ముందు తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. జనం బెంచీల మీద కూర్చుని, వెనక నిలబడి, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూస్తారు. టైము వాళ్ళందరి ఫోన్లలోనూ ఉంది. వాళ్ళు వచ్చింది టైము కోసం కాదు, టైము ఎలా నడుస్తోందో చూడటానికి.

రెండో కారణం ఇంకొకటుంది, దీన్ని తక్కువమంది చెబుతారు. ఆ కాలంలో ఎవరూ చూడని చోట కూడా పనిలో శ్రద్ధ పెట్టిన సందర్భాలున్నాయి. 1858 ఎండాకాలంలో లండన్‌లో థేమ్స్ నది మురుగు కంపు పార్లమెంటుని కూడా నిలవనివ్వలేదు. దాంతో జోసెఫ్ బజల్జెట్ అనే ఇంజనీరు నగరమంతా మురుగు కాలవలు కట్టించాడు. అందులో భాగంగా 1865లో ప్రారంభమైన క్రాస్‌నెస్ పంపింగ్ స్టేషన్ ఫొటోలు వెతికి చూడండి. నాలుగు ఆవిరి ఇంజన్లు, వాటికి విక్టోరియా, ప్రిన్స్ కాన్సర్ట్, ఆల్బర్ట్ ఎడ్వర్డ్, అలెగ్జాండ్రా అని రాజకుటుంబం పేర్లు. చుట్టూ పోత ఇనుముతో ఆకులు, తీగలు, ఎరుపూ ఆకుపచ్చా రంగులు వేసిన స్తంభాలు, గుడి మంటపంలాంటి నడిమి భాగం. ఇదంతా మురుగు నీళ్ళు పైకి తోడే చోటు! 2003లో స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి తుప్పు గీకి ప్రిన్స్ కాన్సర్ట్ ఇంజన్ని మళ్ళీ ఆవిరితో తిప్పారు. ఒక మురుగు పంపుకి అంత అందం ఎందుకని నేను అడగను. ఇప్పుడు కట్టే మురుగు పంపుకి కనీసం తిన్నగా నిలబడే గోడ కూడా ఎందుకు ఉండటం లేదని అడుగుతాను.

ఇప్పుడు నా కోపం సంగతి.

మా మేనకోడలు ఒకరోజు ఫోనులో ఒక జత కమ్మలు చూపించింది. రాగిరంగు రేకు చక్రాలు మూడు, ఒకదానిమీద ఒకటి జిగురుతో అంటించి, కింద ఒక ఎర్ర పూస వేలాడదీశారు.

“అత్తా, ఎంత బాగున్నాయో చూడు. స్టీమ్‌పంక్ కమ్మలు.”

“ఆ చక్రాల పళ్ళు ఒకదాన్నొకటి తాకట్లేదే. ఎలా తిరుగుతాయి?”

“తిరగడమెందుకు? మామిడి పిందెల హారంలో పిందెలు పండుతున్నాయా? కాసులపేరులో కాసు ఇచ్చి కిరాణా కొట్లో ఏమన్నా కొంటున్నావా?”

గట్టి ప్రశ్నే. తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ నా జవాబు నాకుంది. పిందె అందం దాని వంపులో ఉంది. కంసాలి ఆ వంపు పట్టుకోగలిగితే పిందె నగలోకి వచ్చేసినట్టే. కాసు బంగారం, దండలో ఉన్నా విడిగా ఉన్నా దాని విలువ దానికుంది. పళ్ళ చక్రం అలాంటిది కాదు. దాని పళ్ళు అందానికి కోసినవి కావు, పక్క చక్రం పళ్ళకోసం కోసినవి. వాచీలో గంటకి ఒకసారి తిరిగే చక్రానికి 80 పళ్ళుంటాయనుకోండి. అది 10 పళ్ళ బుల్లి చక్రాన్ని తిప్పితే 8 రెట్ల వేగం వస్తుంది. ఆ బుల్లి చక్రం ఇరుసుమీదే ఉన్న 75 పళ్ళ చక్రం మరో 10 పళ్ళదాన్ని తిప్పితే ఏడున్నర రెట్లు. ఎనిమిది ఏడున్నరలు అరవై. అందుకే మొదటి చక్రం గంటకి ఒక చుట్టు తిరిగేలోగా చివరిది 60 చుట్లు తిరిగి సెకన్ల ముల్లుని నడుపుతుంది. చక్రం అందమంతా ఈ లెక్కలో, ఈ పొత్తులో ఉంది. పక్కదాన్ని తీసేసి ఒంటరిగా రేకుమీద అంటిస్తే మిగిలేది పళ్ళున్న బిళ్ళ. పిందె వంపు పోగొట్టి ‘ఇది పిందె’ అన్నట్టే అది కూడా.

అలాగని అన్నీ గిర్రున తిరగాలని నేను పట్టుబట్టను. ఆగిపోయిన వాచీ మెషీన్ని విడగొట్టకుండా ఉన్నదున్నట్టు లాకెట్‌లో బిగిస్తే బాగుంటుంది. దానిలో చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి, కదలకపోయినా అది నిజమైన యంత్రమే. అంచు తిప్పితే మధ్యలోని బుల్లి చక్రాలన్నీ తిరిగే ఉంగరాలు కూడా దొరుకుతున్నాయి. మా అమ్మాయికి అలాంటిదొకటి కొనిచ్చాను. ఇప్పుడు క్లాసులో దాన్నే తిప్పుతూ కూర్చుంటోందట.

రేకు బిళ్ళలకంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. నడిచే వాచీలని నగలకోసం విరగ్గొట్టడం. ఇది కొత్త పాపమేమీ కాదు. ఇంగ్లండులో పాత పద్ధతి జేబు గడియారాల్లో బ్యాలెన్స్ చక్రం మీద కప్పుగా ఒక చిన్న ఇత్తడి బిళ్ళ ఉండేది. పువ్వులూ తీగలూ మనిషి ముఖాలూ చేత్తో చెక్కి, ఖాళీలు తొలిచి, బంగారు పూత వేసేవాళ్ళు. ఏ రెండూ ఒకేలా ఉండవు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ గడియారాలు పాతబడిపోయాయి. అప్పుడు వాటిలోంచి ఆ బిళ్ళలు ఊడబెరికి హారాలుగా, చేతి గొలుసులుగా గుచ్చి అమ్మారు. అంటే వాచీ ముక్కల నగ అసలైన విక్టోరియా కాలంలోనే ఉంది, దానికోసం చచ్చిన గడియారాలూ ఉన్నాయి. ఆ హారం ఇప్పుడు యాంటిక్ షాపులో కనబడితే నేనూ ముచ్చటపడి చూస్తాను. చూస్తూనే ఆ బిళ్ళలు పోయిన గడియారాల సంగతి ఆలోచిస్తాను.

తర్వాతి కాలంలో బంగారం ఆ పని చేసింది. పాత జేబు గడియారం కేసు బంగారందైతే, ధర పెరిగిన ప్రతిసారీ దాన్ని కరిగించడమే లాభం అనిపిస్తుంది. 1980లో ధర ఆకాశానికి ఎక్కినప్పుడు అలా కరిగిపోయిన కేసులెన్నో. తరుగు పోను డబ్బు చేతికొస్తుంది. కేసు లేని మెషీను మాత్రం అనాథ అయిపోయి గుత్తగా తూకానికి వస్తుంది. అలా రోడ్డున పడ్డ మెషీన్లని నగల్లో పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు, సంతోషమే. కానీ డిమాండు పెరిగేకొద్దీ అనాథలు చాలవు. అప్పుడు ఇళ్ళలో నడుస్తున్నవాటి మీద చెయ్యి పడుతుంది.

మన దగ్గర హెచ్‌ఎంటీ సంగతి చూడండి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ. మన నాన్నలకి ఉద్యోగం వచ్చినప్పుడో పెళ్ళైనప్పుడో చేతికెక్కిన జనతా, పైలట్, సోనా, కోహినూర్ అక్కడివే. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేశారు. పాత వాచీలకి కొత్త విడిభాగాలు దొరకడం కష్టమైపోయింది. మా నాన్న వాచీ రిపేరు చేసే పెద్దాయన ఒకసారి సొరుగు తెరిచి చూపించాడు. చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో బ్యాలెన్స్ చక్రాలు, స్ప్రింగులు, కీ ఇచ్చే పుల్లలు. “పాడైన వాచీలు కొని విప్పి పెట్టుకుంటానమ్మా. ఒకదాని స్ప్రింగు ఒకరికి, ఇంకోదాని చక్రం ఇంకొకరికి. ఈ మధ్య క్రాఫ్టుల వాళ్ళు వచ్చి కిలోల లెక్కన అడుగుతున్నారు. ఇచ్చేస్తే మీ నాన్నగారిది రేపు ఆగితే నేనెక్కడ తెచ్చేది?” అన్నాడు. ఆయన ఇవ్వలేదు. ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

సొంతంగా పాత వాచీలు విప్పి నగలు చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 20వ శతాబ్దం తొలినాళ్ళ నుంచి 1960ల దాకా చీకట్లో వెలిగే అంకెలకోసం చాలా వాచీల్లో, టేబుల్ గడియారాల్లో, విమానాల మీటర్లలో రేడియం కలిపిన రంగు వేశారు. ఆ రంగు అద్దుతూ కుంచె మొనని పెదాలతో సన్నబరిచిన అమెరికా అమ్మాయిల్లో కొందరు దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. రేడియం సగం తరగడానికి సుమారు 1,600 ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు ఆ అంకెలు వెలగకపోవచ్చు. వెలిగేది ఆ రంగులోని ఇంకో పదార్థం, అది అరిగిపోయింది. రేడియం మాత్రం అలాగే ఉంది. అలాంటి డయల్‌ని గీకడం, పొడి పీల్చడం, ముక్కలుచేసి పిల్లల మెడలో వేలాడదీయడం వద్దే వద్దు. గోధుమరంగుకి తిరిగిన బొద్దు అంకెలు, ముళ్ళు కనబడితే విప్పకుండా పక్కన పెట్టేయండి.

ఇక కష్టమైన మాట. స్టీమ్‌పంక్ వేషాల్లో గాగుల్స్, బిగుతు కోట్లతో పాటు దొరలు వేటకి పెట్టుకునే టోపీ ఒకటి తరచూ కనబడుతుంది. ఆ టోపీ పెట్టుకుని ఫొటో దిగిన మనవాళ్ళని చూస్తే నాకు మనసొప్పదు. ఆవిరి యంత్రం మన నేలమీదికి వచ్చిన రోజులు మనకి కథలు కావు. 1876–78 కరువు రాయలసీమలో ధాత కరువుగా ఇప్పటికీ గుర్తుంది. రైలు ఉంది. ఆ రైలే ఎండిన జిల్లాల నుంచి కూడా ధాన్యాన్ని వ్యాపారుల గోదాములకి, ఓడరేవులకి చేరవేసింది. కరువు పనిలో రాళ్ళు మోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్కకట్టాడు. అంటే అర కిలో కూడా కాదు. ఆ కరువు నడుస్తుండగానే, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాని మన చక్రవర్తినిగా ప్రకటించారు. ఇంజను బాగా పనిచేసింది. ఎవరికోసం పనిచేసిందన్నదే అసలు సంగతి.

ఇంగ్లండు జనానికి మాత్రం అన్నీ బాగున్నాయా అంటే అదీ లేదు. పాత ఇంగ్లీషు గడియారాల్లో స్ప్రింగు బలం తగ్గేకొద్దీ వేగం తగ్గకుండా ఉండటానికి, శంఖంలా కోసుగా ఉండే ఒక భాగానికి గొలుసు చుట్టేవాళ్ళు. ఆ గొలుసు సైకిల్ చైన్ లాంటిదే, కాకపోతే మందమైన దారమంత సన్నం. ఒక్కో లంకె, ఒక్కో రివెటు విడివిడిగా చేసి బిగించాలి. ఇంగ్లండు దక్షిణ తీరంలో క్రైస్ట్‌చర్చ్ అనే ఊరు ఆ గొలుసులకి పేరుమోసింది. చేసింది ఆడవాళ్ళూ పిల్లలూ. పేదలని ఉంచి పనిచేయించే వర్క్‌హౌస్‌లోని పిల్లల చేత కూడా చేయించారు. ఆ పనిలో కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అలాంటి గొలుసొకటి భూతద్దం కింద చూసే అవకాశం నాకు దొరికింది. అంత అందమైన పనిని నేనింకెక్కడా చూడలేదు. చూసినంతసేపూ అది ఎవరి చూపుతో తయారైందో మర్చిపోవడం కుదరలేదు.

అయినా ఆ కాలపు యంత్రాన్ని ప్రేమించవచ్చని నేననుకుంటాను. రాణీనీ టోపీనీ వదిలేసి, ఇత్తడినీ నీలం స్క్రూనీ తీసుకోవచ్చు. నిజానికి ఈ శైలిలో గొప్ప పనులు చేసినవాళ్ళు చేసిందదే. ఫ్రాన్సులో నాంత్ నగరం చూడండి. సైన్సు కథలు రాసిన జూల్ వెర్న్ పుట్టిన ఊరు అది. అక్కడి ఓడల కార్ఖానాలు 1987లో మూతపడ్డాయి. ఆ ఖాళీ షెడ్లలోనే 2007లో ఫ్రాన్స్వా దెలరోజియేర్, పియేర్ ఒరెఫీస్ కలిసి 12 మీటర్ల ఎత్తు ఏనుగుని నిలబెట్టారు. చెక్క, ఉక్కు, తోలు చెవులు. వీపు మీదా కడుపులోనూ 50 మంది దాకా ఎక్కుతారు. అది తొండంతో నీళ్ళు చిమ్ముతూ నడుస్తుంటే కీళ్ళు ఎలా మడుస్తోందో, ఏ రాడ్డు దేన్ని లాగుతోందో కింద నిలబడ్డ పిల్లలకి కనబడుతుంది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరికి చేతిపని మీద గౌరవం మళ్ళీ తెచ్చిన ఏనుగు అది. దాని ముందు సాహెబుల టోపీ ఎవరికి కావాలి?

ప్యారిస్‌లో ఆర్ట్స్ ఎ మెటియే మెట్రో స్టేషన్ ఇంకోరకం. 1994లో, పైనున్న సాంకేతిక విద్యా సంస్థ 200 ఏళ్ళ పండగకి బెల్జియం చిత్రకారుడు ఫ్రాన్స్వా షుయిటెన్ దాన్ని మొత్తం రాగి రేకులతో కప్పేశాడు. గోడలకి ఓడ కిటికీల్లాంటి గుండ్రటి అద్దాలు, కప్పులోంచి వేలాడే పెద్ద పళ్ళ చక్రాలు. ఆ చక్రాలు తిరగవు. నా వాదన ప్రకారం నాకు నచ్చకూడదు, కానీ నచ్చింది. ఎందుకంటే మెట్లెక్కి పైకి వెళితే అక్కడి మ్యూజియంలో అసలు యంత్రాలున్నాయి. కింది చక్రాలు పైవాటి సంగతి చెబుతున్నాయి. ఏ యంత్రం సంగతీ చెప్పని చక్రంతోనే నా పేచీ.

మన దగ్గర ఈ శైలిలో చేస్తున్నవాళ్ళు ఎక్కువగా బయటనుంచి వచ్చే రేకు చక్రాల సంచులు తెప్పించుకుని జిగురుతో అంటిస్తున్నారు. ఇత్తడి రేకుని సుత్తితో తట్టి ఒంపులు తెప్పించే పనివాళ్ళు పెంబర్తిలో ఉన్నారు. వెండి తీగని దారమంత సన్నగా లాగి, రెండు పోగులు పేని, అణిచి, చుట్టలు చుట్టి చట్రంలో నింపే పనివాళ్ళు కరీంనగర్‌లో ఉన్నారు. ఆ వెండి చుట్టకీ వాచీలోని హెయిర్ స్ప్రింగుకీ ఆకారం ఒకటే. కేసు పోయిన ఒక జేబు గడియారం మెషీనుకి కరీంనగర్ వెండి తీగ పనితో కొత్త కేసు కట్టించి, వెనక అద్దం పెట్టించి, కీ ఇస్తే నడిచేలా, రేపు ఆగిపోతే రిపేరు చేసే పెద్దాయన విప్పగలిగేలా, జిగురు లేకుండా స్క్రూలతో బిగించి ఇచ్చేవాళ్ళుంటే నాకు చెప్పండి. కంసాలి మజూరీ ఎంత చెబితే అంత ఇస్తాను, బేరమాడను. మెషీను నేనే తెచ్చుకుంటాను.